చుట్టాల కడవ

ఉచ్చీరప్పకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి నలభై మూడు బావులు తవ్వాడు. వాటిలో ఒక్కటి కూడా తన ఇంటి దగ్గర తియ్యగా పడలేదు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు దిగి, రేగడి చేలల్లో గంటసేపు నడిస్తే వచ్చే సవుడుదొడ్డి ఆయన ఊరు. అక్కడ నీళ్ళకు కరువేమీ లేదు. నాలుగు మట్లు, అంటే నాలుగు నిలువుల లోతు తవ్వితే ఎక్కడైనా జల పడుతుంది. ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా గొంతు దగ్గరే ఆగిపోతాయి. చౌటినేల మీద ఊరు కట్టి దానికి ఆ పేరే పెట్టిన పెద్దలెవరో గానీ, దాపరికం లేని మనుషులు.

ఉచ్చీరప్పకు ఆస్తి అంటూ ఉన్నది ఆయన నాలుక. బావిలో జల పడగానే దోసిట పట్టి, నోట్లో తిప్పి చూసి, అడుగు నుంచి ఒకే ఒక్క మాట అరిచి చెప్పేవాడు. తీపి అంటే తీపి, సప్పన అంటే సప్పన, ఉప్పు అంటే ఉప్పు. ఒకసారి గూడూరు దిక్కు రైతొకాయన వియ్యంకుణ్ణి పిలిపించుకుని, టెంకాయలు తెప్పించి, మేళం కూడా పెట్టించి గట్టున నిలబడ్డాడు. లోపలి నుంచి "ఉప్పు" అని వినపడింది. మేళం ఆగిపోయింది. రైతు గట్టు మీద బోర్లా పడుకుని, "వియ్యంకుడుండాడప్పా, సప్పన అనన్నా అను" అని గొంతు తగ్గించి బతిమాలాడు.

"నేను సప్పన అంటే నీ ఎద్దులు ఒప్పుకోవద్దా?" అని ఉచ్చీరప్ప మోకు పట్టుకుని పైకి వచ్చేశాడు. జల పడినప్పుడు పెట్టాల్సిన కొత్త పంచె ఆ రైతు పెట్టలేదు. అయినా సి.బెళగల్ అంత దూరం నుంచి కూడా జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. తవ్వేవాళ్ళు ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు, వాళ్ళు వచ్చేది ఆ నాలుక కోసం.

ఆయన పెళ్ళాం హులిగమ్మ రోజూ తెల్లారగానే మైలున్నర నడిచి, మాదన్న చేని బావి నుంచి ఒక కడవ తియ్యనీళ్ళు తెచ్చేది. ఆ బావి తవ్వింది ఉచ్చీరప్పే. పెళ్ళయిన కొత్తలో తవ్వాడు. వేరే ఊరి పొలిమేరలో, వేరేవాడి చేలో. తెచ్చిన కడవను ఇంటి మూల చుట్టకుదురు మీద పెట్టి మూకుడు మూసేది. దాన్ని ఇంట్లోవాళ్ళు ముట్టుకోకూడదు. పప్పు ఉడకడానికి మాత్రం ఒక చెంబెడు తీసేది, చౌటినీళ్ళలో కందిపప్పు పొద్దస్తమానం కాగినా ఉడకదు కాబట్టి. మిగతాదంతా వచ్చేపోయేవాళ్ళకు. దాని పేరు చుట్టాల కడవ. సవుడుదొడ్డిలో తలుపు లేని ఇల్లు ఉంటుందేమో గానీ చుట్టాల కడవ లేని ఇల్లు ఉండదు. బయటి మనిషికి ఉప్పునీళ్ళిస్తే ఆ ఇంటి పరువు అక్కడికి సరి. ఒకసారి ఉచ్చీరప్ప జ్వరం పడి, నోరు ఎండిపోయి ఆ కడవ మీద చెయ్యి వేయబోతే, "నువ్వేమన్నా చుట్టానివా?" అని అడిగింది హులిగమ్మ. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రెండేళ్ళుగా ఆమెకు ఎడమ తుంటి పట్టేస్తూ ఉంది. కడవ దించి, గడప మీద కూర్చుని, ఎవరూ చూడనప్పుడు పిడికిలితో తుంటిని గుద్దుకునేది. ఎవరూ చూడలేదని ఆమె అనుకునేది. ఉచ్చీరప్ప దొడ్లోంచి చూస్తూనే ఉన్నాడు. లోకానికంతా బావులు తవ్వి పెట్టి, ఇంటి ఆడమనిషిని అట్లా నడిపిస్తున్నందుకు ఆయనకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గు సంగతి ఆమెతో ఎన్నడూ అనలేదు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా విడిచి కర్నూలు జిల్లాలో కలిసిన రెండో ఏడు కంపెనీ వచ్చింది. ఆ కంపెనీకి ఆఫ్రికాలో రాగి గనులున్నాయి, ఆస్ట్రేలియాలో బంగారు గనులున్నాయి, నోరు తిరగని పేర్ల దేశాల్లో రెండూ కలిసిన గనులున్నాయి. సవుడుదొడ్డి గుట్ట మీద పాతకాలంవాళ్ళెవరో తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. ఆ గుంతల సంగతి విని, సముద్రాల అవతల బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు పటం మీద ఒక గీత గీశారు. గీత వెంబడి ఇరవై గుంతలు తవ్వి చూడమన్నారు. పదిహేడో గుంత తిన్నగా వచ్చి ఉచ్చీరప్ప ఇంటి వెనక, మేకలు కూడా మొహం పెట్టని గరుసునేలలో పడింది.

కంపెనీ తరపున దొర ఒకాయన ఆదోని బంగళాలో ఉండి పదిహేను రోజులకొకసారి జీపులో వచ్చేవాడు. పని చూసేది మాత్రం కోస్తా దిక్కు నుంచి వచ్చి మద్రాసులో చదువుకున్న ఒక కుర్ర ఆఫీసరు. ఊరివాళ్ళు ఆయన్ను రాళ్ళ సారు అనేవాళ్ళు. ఆయన రాయి కనపడితే సుత్తితో కొట్టి, భూతద్దంలో చూసి, చివరికి నాలుకతో నాకేవాడు. ఊరు ఊరంతా నవ్వింది. ఉచ్చీరప్ప నవ్వలేదు. చదువుకున్నవాళ్ళలో కూడా పని తెలిసినవాళ్ళుంటారని ఆయనకు ఆనాడు నమ్మకం కలిగింది. గుంతలు తవ్వే నలభై మంది కూలీల్లో ఉచ్చీరప్ప కూడా చేరాడు; వాళ్ళ మీద మేస్త్రీ దేవేంద్రప్ప. ఆదోని దూది మిల్లులో బేళ్ళు చూసుకునే పని మాని వచ్చాడు. ఎవరి మీదైనా అరవాలంటే సైకిలు దిగకుండానే అరిచేవాడు.

ఒకరోజు రాళ్ళ సారు గట్టున కూర్చుని చెప్పాడు. "రాళ్ళలో కొంచెం ఆశ కనబడుతోంది ఉచ్చీరప్పా. రాగి ఉందని తేలితే బోరు మిషను వస్తుంది, తర్వాత గని. పనివాళ్ళకి వరసగా ఇళ్ళు కడతారు. తుంగభద్ర నుంచి గొట్టాలేసి ఇంటింటికీ కొళాయి పెడతారు. గని దింపేటప్పుడు మేస్త్రీవి నువ్వే."

మేస్త్రీగిరీ సంగతి ఉచ్చీరప్ప చెవిన పడనేలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి కొళాయి సంగతి చెప్పాడు.

"ఆదోని స్టేషన్లో సూసినా," అంది హులిగమ్మ. "తిప్పితే వస్తాయి. మల్లా తిప్పేది మర్సిపోతారు జనం."

"మన వాకిట్లోనే పెడతారంట."

ఆమె తడుతున్న రొట్టెను పెనం మీద వేసింది. తర్వాత, అది నిజంగా జరిగితే కొళాయిలో వచ్చిన మొదటి కడవ ఉరుకుంద ఈరన్నకు తీసుకుపోతానని మొక్కుకుంది. ఆ మొక్కు మొక్కుతూ ఆమె చెయ్యి తుంటి మీదికి పోయింది. అది చూశాక ఉచ్చీరప్పకు ఈ లోకంలో ఇంకే కోరికా లేకుండా పోయింది. గని పడాలి. కొళాయి రావాలి. ఆ మనిషి నడవకూడదు.

పదిహేడో గుంతలో ఐదు మట్ల లోతున జల పడింది. ఉచ్చీరప్ప అలవాటుగా దోసిట పట్టి నోట్లో పోసుకున్నాడు. ఉప్పు కాదు. సప్పన కాదు. తోమకుండా వదిలేసిన రాగి చెంబు నాకినట్టుంది. ఉమ్మేసి, తల పైకెత్తి, ఇరవై ఎనిమిదేళ్ళ వృత్తిలో ఎన్నడూ అరవని మాట అరిచాడు.

"చిలుము."

రాళ్ళ సారు ఆగలేకపోయాడు. బూట్లు విప్పి, మోకు పట్టుకుని తనే దిగి, ఆ నీళ్ళను తనూ నాకి, ఆ బురదలో నిలబడి ఉచ్చీరప్ప భుజం తట్టాడు. గుంత నీళ్ళను సీసాలో పట్టి పై ఆఫీసుకు పంపాలని, అక్కడివాళ్ళు పరీక్ష చేసి రాగి ఉందంటే ఇక గనే అని చెప్పాడు. మరునాడు గుంత తోడి, కొత్త ఊట వచ్చాక సీసా నింపే పని ఉచ్చీరప్పకే ఒప్పజెప్పాడు. గాజు మూతతో, మెడకు చీటీ కట్టి, ఆ సీసా చూడముచ్చటగా ఉంది. ఉచ్చీరప్ప చెప్పినట్టే నింపి, మూత బిగించి, తన ఇంటి అరుగు మీద పెట్టాడు. "దేవేంద్రప్ప వచ్చి తీసుకపోతాడు. పెద్ద దొరలకు పోవాల ఈ నీళ్ళు. సముద్రం దాటి," అని పెళ్ళాంతో చెప్పి పద్దెనిమిదో గుంతకు వెళ్ళిపోయాడు.

పరీక్ష అన్న మాట ఆయన చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

హులిగమ్మ అరుగు మీదికి వచ్చి సీసాను చూసింది. నీళ్ళు పచ్చగా ఉన్నాయి. అడుగున మన్ను దిగింది. మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. ఆ ఊళ్ళో ఏ ఆడమనిషైనా ఏం చేస్తుందో అదే చేసింది. ఆ నీళ్ళను పెరట్లో మిరపచెట్టు మొదట్లో పారబోసింది. చీటీ తడవకుండా సీసాను బూడిదతో, చింతపండుతో లోపలా బయటా తోమింది. చుట్టాల కడవ మూకుడు తీసి, కొంగు రెండు మడతలు వేసి వడగట్టి, గొంతు దాకా నింపి మూత బిగించింది. దేవేంద్రప్ప సైకిలు మీద వచ్చి, సీసాను గడ్డిలో చుట్టి పెట్టుకుని, తనకూ దాహమేస్తే ఒక చెంబు అడిగి తాగాడు.

"నీళ్ళు బాగుండాయి వదినా," అన్నాడు.

వారానికల్లా మిరపచెట్టు ఎండిపోయింది. దానికేం రోగమొచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

కబురు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆలోపు ముంగారు తొలకరి వానలు పడ్డాయి, గుంతల్లోకి వాననీళ్ళు చేరాయి, జనం కొర్రలు విత్తుకున్నారు. శ్రావణమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం రాళ్ళ సారు నడుచుకుంటూ వచ్చాడు. జీపులో రాలేదు కాబట్టి మంచి కబురు కాదని అందరికీ ముందే తెలిసింది.

"నీళ్ళలో ఏమీ లేదు," అన్నాడు. "రాగి నలుసంత కూడా లేదట. పైగా, ఇంత మంచి తాగునీరు ఈ ప్రాంతంలో ఉందా అని ఆశ్చర్యపోతూ రాశారు. కంపెనీ ఎత్తేస్తోంది. ఎల్లుండి దొర వచ్చి కాగితం మీద సంతకం చేస్తాడు. నీళ్ళు బాగున్నాయి గనక పదిహేడో గుంత పూడ్చరు. రాతికట్టు కట్టి, గిలక పెట్టి ఊరికి బహుమానంగా ఇస్తారు."

ఉచ్చీరప్ప ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. మంచి తాగునీరు అన్న మాట ఆయన బుర్రలో రాయిలా పడి ఉంది. ఆ చుట్టుపక్కల మంచి తాగునీరు ఎక్కడుందో ఆయన కంటే తెలిసినవాడు లేడు.

"ఏమ్మే, ఆ పొద్దు సీసా ఎవురన్నా ముట్టుకున్నారా?"

"నేనే ముట్టుకున్నా. ఆ కంపు నీళ్ళు పంపుతారా యాడన్నా, అంత దూరపోళ్ళకు? పారబోసి చుట్టాల కడవలోవి పోసినా." రొట్టె తిరగేస్తూ, కొంచెం ఆశగా అడిగింది. "నచ్చినాయంటనా?"

ఉచ్చీరప్ప నోట్లో ముద్ద మింగాడు.

"నచ్చినాయంట," అన్నాడు.

ఆమె ఆ పూట ఇంకొక రొట్టె ఎక్కువ వేసింది. సముద్రం అవతలివాళ్ళు తన కడవను మెచ్చుకున్నారని పక్కింటి పార్వతమ్మకు చెప్పివచ్చింది కూడా. ఉచ్చీరప్ప మాత్రం రెండు రోజులు లెక్కలు వేసుకున్నాడు. దొర రాగానే చెప్పేయాలి. సీసాలో నీళ్ళు మారాయి సార్ అంటే చాలు. మళ్ళీ సీసా నింపుతారు, మళ్ళీ పంపుతారు, గని వస్తుంది, కొళాయి వస్తుంది. ఇందులో కష్టమేముంది? నీళ్ళ గురించి నిజం చెప్పడం తనకు కొత్త కాదు.

ఎల్లుండి అంటే ఎల్లుండే వచ్చాడు దొర. గుంత చుట్టూ కొత్త రాతికట్టు, గిలకకు చామంతి దండ, రాతి మీద కంపెనీ పేరు. పని పోయిన నలభై మందీ, మిగతా ఊరూ వచ్చి నిలబడ్డారు. గుంతలో రెండు మట్ల వాననీళ్ళున్నాయి కాబట్టి ఆ రోజు తాగి చూసినా ఏమీ తెలియదు. హులిగమ్మ పళ్ళెంలో ఇత్తడి లోటా పెట్టుకుని పక్కన నిలబడింది. దొర చుట్టం గనక లోటాలోవి మాదన్న బావి నీళ్ళే.

దొర జీపు బానెట్టు మీద కాగితాలు పరిచి కలం తీశాడు. రాళ్ళ సారు ఆయనకు ఇంగ్లీషులో ఏదో చెప్పి ఆపాడు. ఉచ్చీరప్ప వైపు తిరిగాడు.

"ఉచ్చీరప్పా, నాకు ఒక్కటే అనుమానం. ఆ రోజు నువ్వు చిలుమన్నావు, నేనూ నాకి చూశాను. గుంత రాళ్ళకి పచ్చమరకలు ఇప్పటికీ ఉన్నాయి. దొరకేమో నా నాలుక మీదా నీ నాలుక మీదా నమ్మకం లేదు, కాగితం మీదే నమ్మకం. కానీ ఆ సీసాలో నీళ్ళు ఈ గుంతవి కావని నువ్వు చెబితే సంతకం ఆపుతానంటున్నాడు. మళ్ళీ పరీక్ష చేయిస్తాడు. ఆ సీసా నీళ్ళు ఈ గుంతవేనా?"

ఉచ్చీరప్ప నోరు తెరిచాడు. ఆలోపే దేవేంద్రప్ప ముందుకు వచ్చాడు. మొదటిసారి సైకిలు దిగి మాట్లాడాడు.

"సీసా మోసింది నేను సార్. దార్లో మూత గూడా ముట్లేదు. మార్సింటే ఆ అరుగు మీదనే మార్సుండాల, ఆ ఇంటోళ్ళే. నలబై ఇండ్ల నోట్లో మన్ను కొట్టినోళ్ళను ఊరికే ఇడ్సకూడదు. పోలీసోళ్ళకు పట్టియ్యాల."

నలభై మందీ తల తిప్పి హులిగమ్మను చూశారు. ఆమె వాళ్ళను చూసింది, దొర చేతిలో కాగితాలను చూసింది, గుంతను చూసింది. అంతా అప్పుడు అర్థమైంది. ఒక అడుగు ముందుకు వేసి, చెప్పడానికి నోరు తెరిచింది.

"ఈ గుంతవే సార్," అన్నాడు ఉచ్చీరప్ప. "నేనే నింపినా. నేనే మూత బిగిచ్చినా."

"మరి చిలుమని అరిచావు కదయ్యా?"

"నా నాలిక తప్పు సార్. వయసైపాయ. ఇప్పుడు రుసి తెలియడం లేదు."

జనంలోంచి లక్ష్మప్ప గొంతు వినపడింది. ఆయన బావిని ఉచ్చీరప్ప పదేళ్ళ కింద ఉప్పన్నాడు. "అట్లయితే మా బాయిని ఉప్పంటివే, అదీ తప్పేనా అప్పా?"

జనం నవ్వారు. పని పోయిన కోపమంతా ఆ నవ్వులో ఉంది.

"కావచ్చన్నా," అన్నాడు ఉచ్చీరప్ప.

నలభై ఇళ్ళకు అది న్యాయమేనా అంటే కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ ఆ నలభై జతల కళ్ళు హులిగమ్మ మీద నిలబడడం చూశాక ఆయన నోటికి ఇంకో మాట రాలేదు. రాళ్ళ సారు చాలాసేపు ఆయన మొహం చూశాడు, తర్వాత ఎండిన మిరపచెట్టును చూశాడు, ఇంకేమీ అడగలేదు. దొర సంతకం చేశాడు. లోటా అందుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని ఏదో అన్నాడు.

"నీళ్ళు చాలా బాగున్నాయంటున్నారు," అని రాళ్ళ సారు నేల చూస్తూ తెలుగులో చెప్పాడు.

వానలు పోయాక పదిహేడో గుంతలో చిలుము మళ్ళీ పైకి వచ్చింది. ఎనుములు వాసన చూసి పక్కకు తిరిగిపోయేవి. కట్టు మాత్రం గట్టిది, బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చింది. నలభై నాలుగో బావికి ఉచ్చీరప్పను ఎవరూ పిలవలేదు. నాలుక చెడ్డదని తన నోటితోనే చెప్పుకున్న మనిషిని ఎవరు పిలుస్తారు?

కానీ అదంతా తర్వాతి మాట. దొర పోయిన మరునాడు తెల్లారగానే హులిగమ్మ కడవ కోసం చూస్తే అది మూలలో లేదు. ఉచ్చీరప్ప వాకిట్లో కావడి భుజాన పెట్టుకుని ఉన్నాడు. ఒక పక్క చుట్టాల కడవ, ఇంకో పక్క పక్కింట్లో అడిగి తెచ్చిన కడవ.

"యాడికి?"

"నీళ్ళకు."

"మొగోనివి. నలుగురు సూస్తే నగుతారు."

"నిన్న నగిరి గదా. ఇంగ కొంచెం నగనీ."

ఆమె ఆయన వెనకే నడిచింది. ఆ దారిలో ఒట్టి చేతులతో ఎన్నడూ నడవలేదు కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తోచలేదు. సగం దారి పోయాక అంది. "నేను సెప్పేస్తుంటి నిన్న."

"తెలుసు. అందుకే ముందు నేను సెప్పినా."

మాదన్న బావి దగ్గర ఆయన రెండు కడవలూ ముంచి, అలవాటు చొప్పున దోసిట పట్టి నోట్లో తిప్పి చూశాడు. ఎట్లుందో చెప్పలేదు. ఆమే అడిగింది.

"తీపి," అన్నాడు మెల్లగా.

ఇంటికి వచ్చాక ఒక కడవ మూలలో చుట్టకుదురు మీదికి చేరింది. రెండో కడవలో హులిగమ్మ చెంబు ముంచి, కావడి దించి ఆయాసపడుతున్న మొగుడి ముందు పెట్టింది.

"తాగు."

ఆయన ఆ చెంబును చూసి, చెయ్యి చాపకుండా ఊరుకున్నాడు. "నేనేమన్నా చుట్టాన్నా?"

"తాగుమంటాండా గదా," అంది హులిగమ్మ. చెంబును ఆయన చేతికి దగ్గరగా జరిపింది.

ఉచ్చీరప్ప చెంబు ఎత్తి, తన ఇంట్లో కూర్చుని, మొదటిసారి తియ్యనీళ్ళు తాగాడు.